ఫార్మాట్ కొట్టించే ముందు

కోనసీమలో ముమ్మిడివరం దగ్గర మా అక్కావాళ్ళ ఇంట్లో కంప్యూటర్ కిందటేడు దసరా సెలవులయ్యాక మొరాయించడం మొదలుపెట్టింది. మొదట్లో వారానికోసారి పని మధ్యలో ఆరిపోయేది. తర్వాత రోజూ అదే వరస. చివరికి ఒక పొద్దున బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది గానీ స్క్రీను మీద ఏమీ రాలేదు. "ఫార్మాట్ కొట్టించాలంటున్నార్రా తమ్ముడూ, కొట్టించెయ్యమంటావా?" అని అక్క ఫోను చేసింది. అందులో బావ రాసుకున్న చేపల చెరువుల లెక్కలు నాలుగేళ్ళవి ఉన్నాయి. అమ్మానాన్నల షష్టిపూర్తి ఫొటోలు ఉన్నాయి. వాటికి ఇంకెక్కడా కాపీ లేదు.

వద్దని గట్టిగా చెప్పాను. ఫార్మాట్ అంటే డిస్కు మీద ఉన్నదంతా చెరిపేసి విండోస్‌ని మళ్ళీ ఎక్కించడం. స్క్రీనే వెలగలేదంటే చాలావరకు మిషను ఇంకా డిస్కు దాకా వెళ్ళలేదని అర్థం. అక్కడిదాకా వెళ్ళని మిషనుకి డిస్కు చెరిపితే ఏం బాగుపడుతుంది? చాలా ఏళ్ళ క్రితం మా నాన్నగారి కంప్యూటర్ ఇలాగే ఆగిపోతే ఒక షాపులో ఇచ్చాం. మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా ఫార్మాట్ చేసి ఇచ్చారు. ఆయన రిటైరయ్యాక కూర్చుని టైపు చేసుకున్న మా ఊరి సంగతులన్నీ పోయాయి. వారం తిరక్కుండా మిషను మళ్ళీ ఆగింది. అసలు తప్పు, పని చేస్తున్నంతసేపూ సమాచారాన్ని పెట్టుకునే మెమరీ పట్టీ ర్యామ్‌దని అప్పుడు తేలింది. ఆ నష్టం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రెండో పంట దాళ్వాలో శివారు చేనుకి నీళ్ళు అందలేదంటే మన రైతు చేను దున్నడు. గట్టు వెంట వెనక్కి నడుస్తాడు. బోదెలో నీళ్ళున్నాయా, తూము తెరిచారా, కాలువలో గుర్రపు డెక్క అడ్డం పడిందా, పైన లాకుల దగ్గరే వదల్లేదా అని ఒక్కొక్కటీ చూసుకుంటాడు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో తెలిస్తే సగం పని అయినట్టే. కంప్యూటర్ లేవడం కూడా ఇలా ఒకదాని వెంట ఒకటి జరిగే పనే. గోడలోని కరెంటు పవర్ సప్లై డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్‌లోకి వెళ్తుంది. అది 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి మదర్ బోర్డుకి ఇస్తుంది. అప్పుడు ప్రాసెసర్ మేలుకుని, బోర్డు మీద చిప్పులో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రాముని నడుపుతుంది. బయోస్ ర్యామ్‌నీ డిస్ప్లేనీ పరీక్షించుకుని, స్క్రీను మీద కంపెనీ బొమ్మ చూపించి, డిస్కు ఎక్కడుందో వెతుకుతుంది. డిస్కు మీదున్న విండోస్ వంతు అన్నిటికన్నా చివర. మనవాళ్ళు మొట్టమొదట అనుమానించేది మాత్రం దాన్నే.

అందుకని ఎవరు ఫోను చేసినా నేను రెండే అడుగుతాను. బటన్ నొక్కాక ఎంతదాకా వచ్చి ఆగింది? అంతకుముందు ఆగిపోతూ ఉండేదంటే, ఏ సమయంలో, ఏం చేస్తుండగా ఆగేది?

రెండో ప్రశ్నకి అక్క చెప్పిన జవాబే మాకు దారి చూపించింది. పగలంతా బాగానే ఉంటుందట, రాత్రి ఎనిమిది దాటితేనే ఆరిపోతుందట. ఆ ఊరి చుట్టూ చెరువులే. చీకటి పడ్డాక నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేస్తారు. పదుల కొద్దీ మోటార్లు ఒకేసారి లాగితే ఊళ్ళో ట్యూబులైట్లు మినుక్కుమంటాయి, ఫ్రిజ్ మూలుగుతుంది. నేను వెళ్ళిన రోజు రాత్రి తొమ్మిదింటికి మల్టీమీటర్ పెట్టి చూస్తే 172 వోల్టులు చూపించింది. ఉండాల్సింది 230.

వోల్టేజీ తగ్గినా కంప్యూటర్‌కి కావలసిన పవర్ తగ్గదు. అంత పవరూ ఇవ్వడానికి ఎస్ఎంపీఎస్ ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వేడెక్కుతుంది. వంద నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటానని స్టిక్కరు మీద రాసి ఉన్నవి దీన్ని భరిస్తాయి. వెనకాల ఎర్ర స్విచ్చుతో 115, 230 అని రెండే గుర్తులుండే పాత రకాలు తడబడతాయి. అలాంటి సమయంలో వంటింట్లో మిక్సీ వేసినా చాలు, వోల్టేజీ ఇంకాస్త పడి కంప్యూటర్ ఠక్కున ఆరిపోతుంది.

ఆ ఆరిపోవడంలోనూ తేడా గమనించాలి. విండోస్ తప్పు చెప్పే నీలి తెర ఏదీ రాకుండా దీపం ఆర్పినట్టు ఆగిపోతే చాలావరకు అది కరెంటు సమస్యో వేడి సమస్యో అవుతుంది. విండోస్‌కి ఏదో చెప్పుకునే సమయం కూడా దొరకలేదన్నమాట. నీలి తెర వచ్చి ఆగితే విండోస్ తప్పుని పట్టుకుని, ఇక నడవడం ప్రమాదమని తనే ఆగిందని అర్థం. ఒక్కోసారి నీలి తెర రెప్పపాటులో వచ్చి పోతుంది. సెట్టింగుల్లో, తప్పు జరిగితే దానంతట అదే రీస్టార్ట్ కావాలన్న చోట టిక్ తీసేస్తే తెర నిలబడుతుంది. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్ పవర్ 41" అని కనిపించగానే పవర్ సప్లై పోయిందని తీర్మానించేవాళ్ళున్నారు. ఆ నంబరుకి అర్థం అది కాదు. కిందటిసారి మిషను సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే అది చెప్తుంది. ఎందుకు ఆగిందో చెప్పదు.

"మాకు యూపీఎస్ ఉందిగా" అన్నాడు బావ. ఉంది, కొని అయిదేళ్ళయింది. ఇళ్ళల్లో వాడే 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ. మన ఉక్కలో అది రెండు మూడేళ్ళు పనిచేస్తే గొప్పే. బ్యాటరీ చచ్చినా గోడ కరెంటు ఉన్నంతసేపూ పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వోల్టేజీ పడగానే యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది, అక్కడ ఏమీ ఉండదు, కంప్యూటర్ ఆరిపోతుంది. అంటే మామూలుగా ఆ చిన్న తగ్గుదలని ఓర్చుకోగలిగిన మిషనుని కూడా ఈ పాడైన యూపీఎస్ ఆర్పేస్తోంది. పరీక్ష చాలా తేలిక. ఫైళ్ళన్నీ మూసేసి, యూపీఎస్‌కి కంప్యూటర్ బదులు ఒక బల్బు తగిలించి, గోడ స్విచ్ ఆపి చూడండి. బల్బు వెంటనే ఆరితే బ్యాటరీ పోయినట్టే.

ఇంటి మొత్తానికి ఉన్న ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. కరెంటు పోయాక ఎస్ఎంపీఎస్ కరెంటుని కాసేపు దాచుకునే తన కెపాసిటర్లలో ఉన్నదానితో నెట్టుకురాగలిగేది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని ఒక స్విచ్చు ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో మారడానికి పది మిల్లీసెకన్ల దరిదాపుల్లో పడుతుంది, ఎకోలో అయితే 20 దాటొచ్చు. ఫ్యాన్లకీ లైట్లకీ ఆ తేడా తెలియదు. కంప్యూటర్‌కి అదే ప్రాణం మీదికొస్తుంది. కరెంటు పోయిన ప్రతిసారీ రీస్టార్ట్ అవుతోందంటే ముందు ఆ స్విచ్చు ఎటు ఉందో చూడండి.

ఎర్తింగు గురించి కూడా చెప్పాలి. కేబినెట్‌కి చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందా? దాన్ని అలవాటైపోయిందని వదిలేయకండి. ఎస్ఎంపీఎస్ లోపల అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు కొంత కరెంటుని ఎర్త్ వైరులోకి వదులుతాయి. ఎర్త్ లేకపోతే అది కేబినెట్ మీదే ఉండిపోతుంది. మీటర్ పెడితే 110 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. మనిషికి జివ్వుమనేంత కరెంటే అయినా, ప్రింటర్ కేబులో పెన్‌డ్రైవో గుచ్చేటప్పుడు అది చిప్పుల్లోకి దారి వెతుక్కుంటుంది. మన డెల్టా నేలలో తడికి కొదవ లేదు, ఎర్తింగు బాగా పనిచేయాలి. కానీ సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పు నీటికి ఎర్తు పైపు తుప్పుపట్టి, భూమి లోపలే వైరు తెగిపోయి ఉంటుంది. పైకి మూడు బొక్కల సాకెట్ చక్కగానే కనిపిస్తుంది. రెండు మూడేళ్ళకోసారైనా ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి.

తుపాను రోజులు వేరే లెక్క. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి నేను వివరించక్కర్లేదు, కొబ్బరి చెట్లు లైన్ల మీద పడితే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. కంప్యూటర్‌కి కరెంటు పోయేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడే ఎక్కువ ప్రమాదం. న్యూట్రల్ తీగ తెగి ఉన్నప్పుడు లైను ఇస్తే 230 రావలసిన ఇంట్లోకి 300 పైన రావచ్చు. గాలి మొదలవగానే స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకేయాలి. ఇంటర్నెట్ కేబులూ పీకాలి. కరెంటు వచ్చి ఒక పూట నిలకడగా ఉందని చూశాకే మళ్ళీ పెట్టాలి.

ఇక ఎస్ఎంపీఎస్ సంగతి. బటన్ నొక్కితే ఫ్యానూ లేదు, లైటూ లేదు అంటే ముందు గోడ సాకెట్లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంటు ఉందో లేదో చూడాలి. తర్వాత పవర్ కేబుల్ మార్చి చూడాలి. తర్వాత ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ పెట్టి చూడాలి. లోపల మిగిలిపోయిన చార్జి వల్ల మొండికేసిన మిషన్లు కొన్ని దీంతోనే లేస్తాయి. అప్పటికీ లేవకపోతే పనిచేస్తుందని తెలిసిన ఇంకో ఎస్ఎంపీఎస్ తగిలించి చూడటమే నమ్మకమైన పరీక్ష. ఎస్ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా కొంతసేపు నిలిచి ఉంటుంది. ఫ్యూజు కాలిందని అక్కడ మామూలు తీగ చుట్టే అలవాటు మరీ ప్రమాదం. ఫ్యూజు కాలిందంటే దాని వెనకాల ఇంకేదో షార్ట్ అయిందని అర్థం. తీగ చుడితే ఆ మంట మదర్ బోర్డు దాకా వెళ్ళొచ్చు.

అక్కావాళ్ళ మిషను ఇప్పుడు రెండో మెట్టు మీద ఆగి ఉంది. ఫ్యాను తిరుగుతోంది, స్క్రీను లేదు. ఇక్కడ మానిటర్ కేబుల్ వదులైందా, గ్రాఫిక్స్ కార్డు ఉండగా కేబుల్‌ని మదర్ బోర్డు సాకెట్‌కి గుచ్చారా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఆ తర్వాత నా అనుమానం ఎప్పుడూ ర్యామ్ మీదే. ర్యామ్ పట్టీ అడుగున బంగారు పూత ఉన్న కాంటాక్టులుంటాయి. మన గాలిలో తడి ఎక్కువ, సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు కూడా ఉంటుంది. కొన్నేళ్ళకి కాంటాక్టుల మీదా స్లాటు పిన్నుల మీదా కంటికి కనపడని పొర పేరుకుంటుంది. ఒక్క పిన్ను సరిగా ఆనకపోయినా బయోస్ ముందుకు కదలదు. స్పీకరున్న బోర్డులైతే బీప్ బీప్‌మని మొత్తుకుంటాయి. ఎన్ని బీపులకి ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది గానీ, ఆగకుండా పొడుగ్గా మోగుతుంటే ముందు ర్యామే చూడాలి.

ప్లగ్గు తీసి, కేబినెట్ పక్క పలక విప్పి, ఒంట్లోని స్టాటిక్ పోవడానికి దగ్గర్లోని కిటికీ ఊచనో ఇనప బీరువానో ఒకసారి ముట్టుకుని, ర్యామ్ చివర క్లిప్పులు వెనక్కి నెట్టి బయటికి తీశాను. పిల్లల తెల్ల రబ్బరుతో కాంటాక్టుల మీద మెల్లగా రుద్దాను. గట్టిగా రుద్దితే పూత పోతుంది, ఆ పొర చాలా పల్చన. రజను మెత్తటి బ్రష్‌తో దులిపి, క్లిప్పులు టక్కుమని పడేదాకా నొక్కాను. బటన్ నొక్కితే కంపెనీ బొమ్మ వచ్చింది. అక్క మొహంలో వెలుగు చూడాలి ఆ క్షణంలో. రెండు పట్టీలున్నవాళ్ళు ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏది పాడైందో తెలిసిపోతుంది.

మిషను లేవగానే నేను చేసిన మొదటి పని బావ లెక్కలూ ఫొటోలూ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయడం. రిపేరు తర్వాత. ఎందుకంటే ఇది రెండు రోజులకి మళ్ళీ ఆగవచ్చు అనుకున్నాను. ఆగింది కూడా.

ఈసారి ర్యామ్ కాదు. వేడిని కూడా చూడాలనిపించింది. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయ్యాక మన చేలకి నీళ్ళు నిలకడగా వచ్చాయి, నిజమే. కానీ కార్తీకంలో వాన పట్టినప్పుడు మొదటి పంట సార్వాని కాపాడేది పంట కాలువ కాదు, మురుగు కాలువ. అది పూడిపోతే చేలు మునుగుతాయి. కంప్యూటర్‌లోకి వెళ్ళిన పవర్ దాదాపు మొత్తం వేడిగానే బయటికి రావాలి. ప్రాసెసర్ మీదుండే అల్యూమినియం రేకుల హీట్‌సింకు, దాని ఫ్యాను, కేబినెట్ వెనక ఫ్యాను, ఇవే దాని మురుగు కాలువలు. రైసుమిల్లు ఊక దుమ్మో, కొబ్బరి పీచు రజనో ఈ తడిగాలికి రేకుల మధ్య మెత్తటి దుప్పటిలా పేరుకుపోతుంది. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర ముందు తమ వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా మిషనుని ఆపేస్తాయి. వీడియో ఎడిటింగో గేమో పెట్టిన పావుగంటకి ఆగి, కాసేపు వదిలేస్తే మళ్ళీ లేస్తోందంటే వేడి అనుకోవచ్చు. కేబినెట్ పక్క పలక తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి పనిచేయించి చూడండి. ఆగడం మానేస్తే అనుమానం తీరిపోతుంది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. ప్రాసెసర్‌కీ హీట్‌సింకుకీ మధ్య పూసే థర్మల్ పేస్టు ఏళ్ళ తరబడి ఎండి పెళుసైపోతుంది, హీట్‌సింకు విప్పినప్పుడల్లా కొత్తది పూయాలి. చీమలు, బల్లులు వెచ్చదనానికి లోపల చేరతాయి. కేబినెట్ వెనక ఖాళీ స్లాటుకి రేకు మూత పెడితే చాలావరకు ఆగుతాయి.

అక్కావాళ్ళ దాంట్లో దుమ్ము ఉంది గానీ వేడి 60 దాటలేదు. చివరికి ఎస్ఎంపీఎస్ మార్చి చూశాం, ఆగడం మానేసింది. పాతదాన్ని అమలాపురంలో ఒక రిపేరు కుర్రాడు విప్పి చూపించాడు. బల్లపరుపుగా ఉండాల్సిన కెపాసిటర్ల తలలు మూడింటికి ఉబ్బి ఉన్నాయి, ఒకటి గోధుమరంగు జిగురు కారింది. కెపాసిటర్‌కి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు లాగి లాగి అవి ఉడికిపోయాయి. మొదట వారానికోసారి ఆగడం, తర్వాత రోజూ ఆగడం, అన్నీ ఒకే జబ్బు ముదురుతున్న గుర్తులు. ర్యామ్ కాంటాక్టు మధ్యలో వచ్చి కలిసింది. రెండు జబ్బులు ఒకేసారి ఉండొచ్చన్నది ఇంటి రిపేర్లలో తరచూ మర్చిపోయే సంగతి.

కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే ఆగేవాళ్ళకి దారి వేరు. ముందు పెన్‌డ్రైవులు, కార్డులు అన్నీ పీకేయండి. బయోస్ ముందు వాటిలో విండోస్‌ని వెతుకుతూ ఉండిపోవచ్చు. గడియారం ఏళ్ళ వెనకటి తేదీ చూపిస్తుంటే మదర్ బోర్డు మీద సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయింది, దాంతో బయోస్ సెట్టింగులూ చెదిరిపోయి ఉంటాయి. చేతి గడియారాలు బాగుచేసే కొట్లోనూ ఆ బిళ్ళ దొరుకుతుంది. బూట్ డివైస్ లేదని రాస్తే డిస్కు కేబుల్ తీసి మళ్ళీ గుచ్చండి. పాత రకం హార్డ్ డిస్కు టిక్, టిక్ అని లయగా కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. అది లోపలి ముల్లు దారి దొరక్క తచ్చాడుతున్న శబ్దం. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. చెక్‌డిస్క్ నడపమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. చావుబతుకుల్లో ఉన్న డిస్కుని గంటల తరబడి చదివించడమే అది. ముందు ఫైళ్ళు కాపీ చేసుకుని, ఆ తర్వాత ఏ పరీక్షైనా.

విండోస్ లేవకపోయినా ఫైళ్ళు తీయొచ్చు. ఇంకో కంప్యూటర్లో విండోస్ బదులు వాడే ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దానితో ఈ మిషనుని లేపితే డిస్కులో ఏమీ మార్చకుండానే ఫోల్డర్లు కనిపిస్తాయి. కొత్త ల్యాప్‌టాపుల్లో బిట్‌లాకర్ తాళం పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్ళకి అది సాధారణంగా ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది. మిషను బాగున్నప్పుడే ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

విండోస్ గుర్తు దాకా వచ్చి ఆగుతుంటే అది చాలావరకు నిజంగా విండోస్ తగాదానే. వరసగా రెండుసార్లు లేవలేకపోతే తర్వాతిసారి విండోస్ తనే మరమ్మతు మెనూ చూపిస్తుంది. అందులోంచి, అత్యవసరమైనవాటితో మాత్రమే విండోస్ లేచే సేఫ్ మోడ్‌కి వెళ్ళొచ్చు, కొత్తగా వేసిన అప్‌డేట్‌ని వెనక్కి తీయొచ్చు. నీలి తెర మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటే మళ్ళీ ర్యామ్ వైపు, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని ఉంటే డిస్కు వైపు చూడాలి. 2024 జులై 19న కంప్యూటర్ల భద్రతకి సాఫ్ట్‌వేర్ చేసే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల మిషన్లు. వాటికి మందు సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలు తీసేయడం. డిస్కు చెరపాల్సిన పని లేకపోయింది.

వరద నీళ్ళలో తడిసిన కంప్యూటర్ గురించి గోదావరి పాయల మధ్య లంక గ్రామాల వాళ్ళు అడుగుతుంటారు, 2022 జులై వరద తర్వాత మరీ ఎక్కువగా అడిగారు. పనిచేస్తుందేమో చూద్దామని ఆన్ చేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. నీళ్ళు ఒక్కటే అయితే ఆరిపోతాయి, కరెంటు కలిస్తే రాగి దారులు కరిగి తుప్పుగా మారతాయి. బిళ్ళ బ్యాటరీ కూడా తీసేయాలి, అది చిన్నదైనా కరెంటే. బురద కడగడానికి మంచినీళ్ళు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆ తర్వాత నీడలో గాలికి చాలా రోజులు. ఎస్ఎంపీఎస్ తడిస్తే దాన్ని పారేసి కొత్తది కొనడమే మంచిది. తడిసిన హార్డ్ డిస్కులో విలువైనవి ఉంటే మీరు విప్పకుండా, ఎండబెట్టకుండా డేటా తీసే నిపుణుల దగ్గరికి పంపండి.

బావ కొత్త ఎస్ఎంపీఎస్, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ కొన్నాడు. లెక్కలిప్పుడు మూడు చోట్ల ఉన్నాయి, ఒక కాపీ హైదరాబాద్‌లో మా మేనల్లుడి దగ్గర. కంప్యూటర్ బల్ల పక్కన మేకుకి ఒక చిన్న నోటుబుక్కు వేలాడుతోంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి అక్క మీటర్ పెట్టి వోల్టేజీ రాస్తుంది. 178, 174, 181, 169. మొన్న ఆ వీధివాళ్ళంతా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం అర్జీ పెట్టినప్పుడు ఆ పేజీల జిరాక్సులు దానికి జతచేశారు.